ఆడిట్ లాగ్‌లో "లాస్ట్" కౌంటర్ పెరుగుతూనే ఉంది: బఫర్ పెంచితే చాలా, కెర్నల్‌లోనే ఏమైనా మార్చాలా?

కిట్టు_కెర్నల్

అందరికీ నమస్కారం. మాది ఒక నెట్‌వర్క్ అప్లయన్స్. లోపల లినక్స్ 5.10, దాని మీద మా సర్వీసులు, కొన్ని కంటైనర్లు. సెక్యూరిటీ ఆడిట్‌కి, అంటే బాక్స్‌లో ఎవరు ఏం చేశారో రికార్డు చేయడానికి, కెర్నల్‌లో ఉన్న ఆడిట్ సబ్‌సిస్టమ్‌నే వాడుతున్నాం. యూజర్‌స్పేస్‌లో, అంటే కెర్నల్ బయట, ఆ రికార్డుల్ని అందుకుని రాసే ఆడిట్‌డి నడుస్తుంది.

లోడ్ పెరిగినప్పుడల్లా కెర్నల్ లాగ్‌లో ఇవి పడుతున్నాయి (బ్యాక్‌లాగ్ అంటే ఆడిట్‌డికి చేరాల్సిన రికార్డుల క్యూ):

ఆడిట్: ఆడిట్_బ్యాక్‌లాగ్=8193 > ఆడిట్_బ్యాక్‌లాగ్_లిమిట్=8192
ఆడిట్: బ్యాక్‌లాగ్ లిమిట్ ఎక్సీడెడ్

ఆడిట్‌సీటీఎల్ కమాండ్‌తో స్టేటస్ చూస్తే "లాస్ట్" (పోయిన రికార్డుల లెక్క) దగ్గర అంకె పెరుగుతూ పోతోంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఈ మధ్య సర్టిఫికేషన్‌కి వచ్చినాయన "ఈ లాగ్‌లో కనపడలేదు కాబట్టి ఆ పని జరగలేదని మీరు రాసివ్వగలరా?" అని అడిగారు. మా వైపు ఎవరి దగ్గరా జవాబు లేదు.

కెర్నల్ మేమే బిల్డ్ చేసుకుంటాం కాబట్టి ప్యాచ్ వేసే వెసులుబాటు ఉంది. నా మనసులో ఉన్నవి: క్యూ పెంచడం, టెక్స్ట్ రికార్డుల బదులు బైనరీ ఫార్మాట్, రికార్డులకి హ్యాష్ గొలుసు, లేదా మొత్తం తీసేసి ఈబీపీఎఫ్‌కి (కెర్నల్ లోపల మన చిన్న ప్రోగ్రామ్‌లు నడిపే పద్ధతి) మారడం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నిద్రలేని_అడ్మిన్

లిమిట్ 65536 పెట్టి పడుకో బ్రదర్. నేను అదే చేశా. 😴

పాతకాపు

అడ్మిన్ గారూ, మీరు పడుకున్నారు, మీ లాగ్ కూడా పడుకుని ఉంటుంది. ఒకసారి చూసుకోండి.

కిట్టూ, తొట్టిలోకి వచ్చే నీళ్లు పోయే నీళ్లకంటే ఎక్కువైతే తొట్టి ఎంత పెద్దదైనా పొర్లుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. క్యూ పెంచితే తీరేది అప్పుడప్పుడూ వచ్చే ఉప్పెన మాత్రమే. నీది ఉప్పెనో, రోజూ ఉండే వరదో ముందు తేల్చు.

రికార్డు నడిచే దారి ఇది: సిస్కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగి చేయించుకునే పని) ముగిసేటప్పుడు కెర్నల్ రికార్డు తయారుచేసి క్యూలో పెడుతుంది. కే-ఆడిట్‌డి అనే కెర్నల్ థ్రెడ్ క్యూలోంచి తీసి నెట్‌లింక్ (కెర్నల్‌కీ యూజర్‌స్పేస్‌కీ మధ్య సాకెట్) మీద ఆడిట్‌డికి ఇస్తుంది. ఆడిట్‌డి డిస్క్ మీద రాస్తుంది, ప్లగిన్లుంటే వాటికీ పంచుతుంది. ఆడిట్‌డి డిస్క్ దగ్గర ఆగితే ఆ బరువంతా వెనక్కి, కెర్నల్ క్యూ మీదికి వస్తుంది. కెర్నల్‌ని ముట్టుకునే ముందు ఈ మూడూ చెప్పు:

ఆడిట్‌డి కాన్ఫిగ్‌లో ఫ్లష్ ఏముంది? స్టేటస్‌లో బ్యాక్‌లాగ్ వెయిట్ టైమ్ (క్యూ నిండితే ప్రాసెస్ ఆగే సమయం) ఎంత? ఏ కీ (రూల్‌కి మనం పెట్టే గుర్తు) మీద ఎన్ని ఈవెంట్లు వస్తున్నాయి? (ఏయూరిపోర్ట్‌లో కీ వారీగా తీయి.)

కిట్టు_కెర్నల్

పాతకాపు గారూ, ఇవిగో:

ఫ్లష్ = సింక్.
వెయిట్ టైమ్ = 0. డీఫాల్ట్ అరవై సెకన్లతో ఒకసారి ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు కూడా వేలాడిపోయాయట, అందుకని నాకు ముందున్న టీమ్ సున్నా చేసింది.
కీ వారీగా చూస్తే సగానికి పైగా ఫైల్ ఓపెన్లే. వాటిలో ఎక్కువ భాగం మా మానిటరింగ్ ఏజెంట్ /ప్రాక్ (ప్రాసెస్‌ల సమాచారం చూపే డైరెక్టరీ) కింద ఫైళ్లు తెరిచి చదువుతున్నవి. రూల్స్ ఒక కంప్లయన్స్ టెంప్లేట్ నుంచి తెచ్చి యథాతథంగా పెట్టినవి.

ఇంకొకటి. బాక్స్ బూట్ అయి ఆడిట్‌డి లేచేసరికే లాస్ట్ సున్నా కాదు.

పాతకాపు

బూట్ సంగతి తేలిక. క్యూ పరిమితికి కెర్నల్ డీఫాల్ట్ 64. నీ రూల్స్ ఫైల్‌లో ఉన్న 8192 అమల్లోకి వచ్చేది ఆ ఫైల్ లోడ్ అయ్యాకే. అంతదాకా 64తోనే నెట్టుకురావాలి. బూట్ లైన్‌లో ఆడిట్=1, దాని పక్కనే ఆడిట్_బ్యాక్‌లాగ్_లిమిట్=8192 పెట్టు. ఆడిట్=1 తప్పనిసరి. అది లేకపోతే ఆడిట్ ఆన్ కాకముందు పుట్టిన ప్రాసెస్‌లకి ఆడిట్ కాంటెక్స్ట్ ఉండదు, తర్వాత ఎన్ని రూల్స్ పెట్టినా వాటి సిస్కాల్స్ కనపడవు.

ఫ్లష్ సింక్ అంటే రాసిన ప్రతిసారీ డేటా, మెటాడేటా రెండూ డిస్క్‌కి చేరేదాకా ఆగడం. ఫ్లాష్ మీద నడిచే అప్లయన్స్‌లో అది మరీ బరువు. ఇంక్రిమెంటల్ అసింక్‌కి మార్చు, ఫ్రీక్ 50 దగ్గర, అంటే యాభై రికార్డులకోసారి డిస్క్‌కి పంపేలా, ఉంచు. కరెంట్ పోతే చివరి కొన్ని రికార్డులు పోవచ్చు, నిజమే. ఇప్పుడు కరెంట్ ఉండగానే పోతున్నాయి కదా.

రింగ్‌జీరో

వెయిట్ టైమ్ సున్నా అన్న దగ్గరే అసలు కథ ఉంది. 5.10 సోర్స్‌లో ఆడిట్_లాగ్_స్టార్ట్ ఫంక్షన్ చూడండి. వరుస ఇలా ఉంటుంది:

ముందు ఎక్స్‌క్లూడ్ ఫిల్టర్ చూస్తుంది. తర్వాత క్యూ పొడవు పరిమితి దాటిందా అని చూస్తుంది. దాటితే, నిద్రపోవడానికి వీలున్న సందర్భమై, వెయిట్ టైమ్ మిగిలి ఉంటే ఆ ప్రాసెస్‌ని నిద్రపుచ్చుతుంది. లేదంటే లాస్ట్ కౌంటర్ ఒకటి పెంచి నల్ తిప్పి పంపుతుంది. ఇవన్నీ దాటాకే బఫర్ కేటాయించి, టైమ్‌స్టాంప్, సీరియల్ నంబర్ వేస్తుంది.

నంబర్ చివర్లో పడుతుందన్నది గమనించారా? క్యూ నిండి మొత్తం ఈవెంట్ పోతే దానికి నంబరే పుట్టదు. లాగ్ ఫైల్‌లో 24287 తర్వాత 24288 చక్కగా వస్తుంది, మధ్యలో వెయ్యి ఈవెంట్లు గల్లంతైనా సరే. "సీరియల్‌లో ఖాళీల్లేవు, కాబట్టి లాగ్ పూర్తిగా ఉంది" అని సర్టిఫికేషన్‌లో రాసిచ్చేవాళ్లని చూశాను. క్యూ నిండి పోయిన వాటి విషయంలో ఆ వాదన చెల్లదు. రేట్ లిమిట్ దాటి పోయినవి వేరు, అక్కడ కోత ఆడిట్_లాగ్_ఎండ్‌లో, అంటే నంబర్ వేశాక పడుతుంది.

ఇంకా చిక్కు ఏమిటంటే క్యూలో పడేది ఈవెంట్ కాదు, రికార్డు. ఒక ఫైల్ ఓపెన్‌కి సిస్కాల్, సీడబ్ల్యూడీ (అప్పుడున్న డైరెక్టరీ), పాత్, ప్రాక్‌టైటిల్ (కమాండ్ లైన్), చివర్న ఈవోఈ (ఈవెంట్ ముగింపు), ఇలా నాలుగైదు రికార్డులు వెళ్తాయి. ప్రతిదానికీ ఈ తనిఖీ విడివిడిగా జరుగుతుంది. అందుకే సిస్కాల్ రికార్డు వెళ్లి పాత్ రికార్డు పోవచ్చు. ఎవరో ఏదో ఫైల్ తెరిచారని ఉంటుంది, ఏ ఫైలో ఉండదు.

కాబట్టి కిట్టు గారూ, మీ నాలుగు ఆప్షన్లలో అసలైనది లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి పోతుంది. పోయినప్పుడు లాగ్‌లోనే "ఈ సమయం నుంచి ఈ సమయం దాకా ఇన్ని పోయాయి, ఈ రకాలవి" అని ఒక రికార్డు పడాలి. ఇప్పుడు ఆ సమాచారం ఒక కౌంటర్‌లోనూ, ఎప్పుడు చెరిగిపోతుందో తెలియని కెర్నల్ లాగ్‌లోనూ ఉంది. ప్యాచ్ వేసేటట్టయితే నేను దీనికే వేస్తాను.

మాధవి_సిస్కాల్

రింగ్‌జీరో గారు చెప్పింది సరే, కానీ ప్యాచ్‌కి ముందు రూల్స్ దుమ్ము దులపాలి. టెంప్లేట్ యథాతథంగా పెట్టామన్నారు కదా, నాకు అక్కడే భయమేసింది.

ఎగ్జిట్ లిస్ట్‌లో (సిస్కాల్ ముగిసేటప్పుడు చూసే జాబితా) రూల్స్‌ని కెర్నల్ వరుసగా చూసుకుంటూ పోతుంది, మొదట ఏది సరిపోతే దానితో ఆగిపోతుంది. ఆడిట్ అవుతున్న ప్రాసెస్ చేసే ప్రతి సిస్కాల్‌కీ ఈ నడక తప్పదు. రూల్‌లో ఆ సిస్కాల్ లేకపోయినా కనీసం బిట్‌మాస్క్ చూసి ముందుకెళ్లాలి. ఓపెన్‌కొక రూలు, ఓపెన్‌ఎట్‌కొక రూలు, ట్రంకేట్‌కొక రూలు అని విడదీసి రాసే టెంప్లేట్లు ఉంటాయి. ఒకే షరతులు ఉన్నవాటిని ఒకే రూల్‌లో కలిపేయండి.

మీ ఏజెంట్ గోల ఆపడానికి నెవర్ (రికార్డు చేయొద్దనే) రూల్ పెట్టండి, దాని ఎగ్జిక్యూటబుల్ పాత్ మీద, పైన, మిగతా అన్నిటికంటే ముందు. కింద పెడితే పనిచేయదు. కానీ ఓపెన్లకి మాత్రమే పెట్టండి. ఏజెంట్ చేసే ఎగ్జిక్‌వీఈ (కొత్త ప్రోగ్రామ్ నడిపే సిస్కాల్) మాత్రం కనపడాలి, ఎందుకంటే రేపు ఎవరైనా దూరేది ఆ ఏజెంట్‌లోంచే కావచ్చు.

ఫైల్ ఓపెన్లలో అన్నీ అక్కర్లేదు. అనుమతి లేక విఫలమైనవి, అంటే ఎగ్జిట్ విలువ -ఈయాక్సెస్ లేదా -ఈపర్మ్ ఉన్నవి పట్టుకుంటే ప్రయత్నాలు తెలుస్తాయి. కీలకమైన డైరెక్టరీలకి వేరేగా, రాయడం, యాట్రిబ్యూట్ మార్పుల మీద రూల్ పెట్టండి.

బీ64 రూల్ పక్కన బీ32 రూల్ ఉందో లేదో చూసుకోండి. 32 బిట్ దారిలో సిస్కాల్ నంబర్లే వేరు. ఆ దారి కెర్నల్‌లో తెరిచి ఉంచి రూల్ ఒక్క బీ64కే రాస్తే, 32 బిట్ బైనరీ ఒకటి తెచ్చుకుంటే చాలు, మీ ఆడిట్‌కి కనపడకుండా పోవచ్చు. మీ అప్లయన్స్‌లో 32 బిట్ అవసరమే లేకపోతే కెర్నల్ కాన్ఫిగ్‌లోనే తీసేయండి, గొడవ వదిలిపోతుంది.

చివరగా, 5.10 అన్నారు. ఐఓ_యూరింగ్ (ఒక్కో పనికీ విడిగా సిస్కాల్ చేయకుండా క్యూలో పెట్టి చేయించుకునే దారి) ఆన్‌లో ఉందా? అది 5.1లో వచ్చింది. దానికి ఆడిట్ మద్దతు వచ్చింది 5.16లో. మధ్య వెర్షన్లలో యూరింగ్ ద్వారా చేసిన ఫైల్ ఓపెన్ మీ ఓపెన్‌ఎట్ రూల్‌కి తగలదు, ఎందుకంటే అక్కడ ఓపెన్‌ఎట్ అనే సిస్కాల్ జరగనే లేదు. బ్యాక్‌పోర్ట్ చేసుకోండి, లేదా యూరింగ్ ఆఫ్ చేయండి.

నిద్రలేని_అడ్మిన్

ఇంత తలనొప్పి ఎందుకు, ఈబీపీఎఫ్ పెట్టి పడేయొచ్చుగా. అందరూ అటే పోతున్నారు.

(పైన పాతకాపు గారు చెప్పాక నా బాక్స్‌లో చూశా. ఆ సంగతి వదిలేయండి.)

సున్నా_రోజు

ఈబీపీఎఫ్ మంచిదే, ఎక్కడ తగిలించావన్నదాన్ని బట్టి. సిస్కాల్ ఎంట్రీ ట్రేస్‌పాయింట్‌లో (సిస్కాల్ మొదలయ్యే చోట) తగిలించి, యూజర్ పాయింటర్ వెంటపడి ఫైల్ పేరు చదివేవాళ్లు చాలామంది. నువ్వు చదివినప్పుడు అక్కడ ఒక పేరుంటుంది. కెర్నల్ తన పని కోసం మళ్లీ అదే చిరునామా నుంచి కాపీ చేసుకునేలోపు ఇంకో థ్రెడ్ దాన్ని మార్చేయొచ్చు. నీ లాగ్‌లో ఒక ఫైల్, నిజంగా తెరుచుకున్నది ఇంకో ఫైల్. ఆడిట్ సబ్‌సిస్టమ్‌కి ఈ బెడద లేదు. కెర్నల్ తనలోకి కాపీ చేసుకుని, నిజంగా వాడిన పేరునే అది రాస్తుంది.

ఎల్‌ఎస్‌ఎమ్ హుక్‌ల (కెర్నల్ అనుమతులు తనిఖీ చేసే చోట్లు) మీద బీపీఎఫ్ ప్రోగ్రామ్ పెడితే ఈ ఇబ్బంది పోతుంది. 5.7 నుంచి ఉంది, 5.8 నుంచి బీపీఎఫ్ రింగ్ బఫర్ కూడా ఉంది, కాబట్టి కిట్టు కెర్నల్‌లో రెండూ దొరుకుతాయి. కానీ రింగ్ బఫర్ నిండినప్పుడు రిజర్వ్ కాల్ నల్ ఇస్తుంది. అప్పుడేం చేయాలో నువ్వే రాసుకోవాలి. ఆడిట్‌లో లాస్ట్ కౌంటర్ అయినా ఉంది, ఇక్కడ అది కూడా నువ్వు పెట్టుకుంటేనే. ఎటు తిరిగినా రింగ్‌జీరో లేవనెత్తిన ప్రశ్న దగ్గరికే వస్తావు.

పైగా ఆడిట్ రూల్స్‌ని ఎనేబుల్డ్=2 అని తాళం వేస్తే రీబూట్ దాకా రూట్ కూడా మామూలు దారిలో మార్చలేడు. బీపీఎఫ్ ప్రోగ్రామ్‌ని లోడ్ చేసిన డీమన్‌ని రూట్ చంపేస్తే, పిన్ చేయని లింకులన్నీ దానితోపాటే పోతాయి.

స్వరూప_లాగ్స్

మీరంతా లాగ్ రాసేవాళ్ల వైపు. నేను చదివేదాన్ని. ఏదైనా జరిగాక రాత్రి రెండింటికి ఈ ఫైళ్లు తెరిచేది మా టీమే, కాబట్టి రెండు మాటలు.

మాధవి గారూ, గోల తగ్గించడానికి చాలామంది రూల్స్‌లో "ఏయూఐడీ (మొదట లాగిన్ అయిన యూజర్ నంబర్) 1000 పైన, అన్‌సెట్ కానివి మాత్రమే" అని పెడతారు. లాగిన్ అయిన మనుషుల విషయంలో అది బంగారం. ఏయూఐడీ ఒకసారి లాగిన్‌లో పడితే తర్వాత ఎస్‌యూ చేసినా, సుడో చేసినా మారదు, రూట్‌గా చేసిన పని వెనక ఏ మనిషో తెలుస్తుంది. కానీ నేను ఎక్కువగా చూసే కేసులు ఇలా ఉంటాయి:

టైప్=సిస్కాల్ ... సిస్కాల్=59 సక్సెస్=ఎస్ ... ఏయూఐడీ=4294967295 యూఐడీ=33 ... కామ్="ఎస్‌హెచ్"

సిస్కాల్ 59 అంటే ఎగ్జిక్‌వీఈ, యూఐడీ 33 వెబ్ సర్వర్ యూజర్. ఏయూఐడీలో ఆ పెద్ద అంకె అంటే అన్‌సెట్. ఎవరూ లాగిన్ అవ్వలేదు. బూట్‌లో లేచిన వెబ్ సర్వర్ ప్రాసెస్ ఉన్నట్టుండి షెల్ తెరిచింది. దాడి అంటే మా దగ్గరికి వచ్చేది ముప్పాతిక మువ్వీసం ఇదే. పై ఫిల్టర్ పెడితే ఈ లైన్ అసలు పుట్టదు. కంటైనర్లూ ఇంతే, వాటిని లేపేది డీమన్ కాబట్టి లోపల ఏం జరిగినా ఏయూఐడీ అన్‌సెట్. కిట్టు గారి బాక్స్‌లో కంటైనర్లు ఉన్నాయి. సర్వీస్ యూజర్లు చేసే ఎగ్జిక్‌వీఈలకి వేరే రూల్ తప్పక పెట్టండి.

రెండోది ప్రాక్‌టైటిల్. హెక్స్‌లో వస్తుందని మా కొత్తవాళ్లు తిట్టుకుంటారు. ఏయూసెర్చ్‌కి -ఐ ఇస్తే విప్పి చూపిస్తుంది, అది సమస్యే కాదు. ఫైల్ పేరులో కొత్త లైన్ అక్షరం పెట్టి లాగ్‌లో దొంగ రికార్డు పుట్టించకుండా కెర్నల్ ఆ పని చేస్తుంది, చేయాలి కూడా. అసలు సమస్య, ప్రాక్‌టైటిల్ 128 బైట్ల దగ్గర తెగిపోతుంది, ప్రాసెస్ తన టైటిల్ తానే మార్చుకోగలదు. దాన్ని సాక్ష్యం అనుకోకండి. ఎగ్జిక్‌వీఈ రికార్డులో వచ్చే ఆర్గ్యుమెంట్లే నమ్మదగినవి. జాగా కోసం ఏదో ఒకటి ఎక్స్‌క్లూడ్ చేయాలంటే ప్రాక్‌టైటిల్ తీసేయండి, నేను ఏడవను.

బైనరీ ఫార్మాట్ మాత్రం వద్దు బాబూ. మా దగ్గరున్న ప్రతి పార్సరూ చచ్చిపోతుంది.

మాధవి_సిస్కాల్

స్వరూప గారూ, ఏయూఐడీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఫైల్ ఓపెన్లకి ఏయూఐడీ ఫిల్టర్, ఎగ్జిక్‌వీఈకి వద్దు. నేనూ అలాగే పెడతాను.

బైనరీ గురించి చిన్న మాట. సొలారిస్ నుంచి వచ్చిన బీఎస్‌ఎమ్ అనే ఆడిట్ పద్ధతి బైనరీయే. ఫ్రీబీఎస్‌డీలో ఓపెన్‌బీఎస్‌ఎమ్ అదే రాస్తుంది, చదవడానికి ప్రా-ఆడిట్ అనే కమాండ్ ఉంది. అక్కడ ఒక ఈవెంట్‌కి ఒకటే రికార్డు, లోపల టోకెన్లు. సగం పోయి సగం మిగలడం అనే గొడవ ఆ డిజైన్‌లోనే తక్కువ. లినక్స్‌లో ఇప్పుడు ఫార్మాట్ మారిస్తే అప్‌స్ట్రీమ్‌లో (అసలు కెర్నల్ ప్రాజెక్టులో) ఎవరూ తీసుకోరు, యూజర్‌స్పేస్ విరిగిపోతుంది కాబట్టి. ఆ ప్యాచ్‌ని జీవితాంతం మీరే మోయాలి.

కిట్టు_కెర్నల్

చాలా కొత్త సంగతులు తెలిశాయి, అందరికీ థాంక్స్. యూరింగ్ మాకు అవసరం లేదు, కాన్ఫిగ్‌లో తీసేస్తున్నాను. ఇంకా రెండు సందేహాలు.

ఒకటి, ఫెయిల్యూర్ ఫ్లాగ్ 2 పెట్టి, రికార్డు పోయే పరిస్థితి వస్తే మెషీన్ పానిక్ అయ్యేలా చేయమని మా మేనేజర్ అంటున్నారు. "పోగొట్టుకోవడం కంటే ఆగిపోవడం నయం" అని.

రెండు, హ్యాష్ గొలుసు. ప్రతి రికార్డుకీ ముందు రికార్డు హ్యాష్ కలిపితే ఎవరూ చెరపలేరు కదా?

రింగ్‌జీరో

మొదటిదానికి: మీ మేనేజర్ గారికి ఒక ప్రశ్న వేయండి. ఏ అధికారమూ లేని మామూలు యూజర్, అనుమతి లేని ఫైల్‌ని లూప్‌లో తెరుస్తూ కూర్చుంటే ఏమవుతుంది? ప్రతి ప్రయత్నానికీ నాలుగైదు రికార్డులు. క్యూ నిండుతుంది, వెయిట్ టైమ్ సున్నా, తర్వాత పానిక్. ఫైర్‌వాల్ పని చేసే బాక్స్‌ని మామూలు యూజర్ చేతికిచ్చినట్టే. ఆ ఫ్లాగ్ అవసరమైన చోట్లు ఉన్నాయి, ఫ్రీబీఎస్‌డీలో కూడా ఏహెచ్‌ఎల్‌టీ అని ఇలాంటి పాలసీ ఉంది. కానీ అది బయటివాళ్ల ట్రాఫిక్ మోసే అప్లయన్స్‌కి కాదు.

అలాగని రేట్ లిమిట్ పెట్టి సరిపెట్టుకోవద్దు. అది మెషీన్ మొత్తానికి ఒక్కటే. దాడి చేసేవాడు ఒక చేత్తో చెత్త ఈవెంట్లు గుప్పిస్తూ ఇంకో చేత్తో అసలు పని చేసుకుంటాడు. కోటా చెత్తకే అయిపోతుంది.

నాకు నచ్చే మార్పు: వెయిట్ టైమ్‌ని సున్నా నుంచి తీసి చిన్న విలువ పెట్టండి. గోల చేసే ప్రాసెస్ తన రికార్డు కోసం తానే ఆగుతుంది, కొంతైనా నెమ్మదిస్తుంది. 5.9 నుంచి స్టేటస్‌లో బ్యాక్‌లాగ్ వెయిట్ టైమ్ యాక్చువల్ అని ఉంది, మొత్తం ఎంతసేపు ఆగారో చెబుతుంది. అది పెరుగుతుంటే లాస్ట్ పెరగకముందే ఇబ్బంది తెలుస్తుంది. ఆపైన ప్యాచ్‌లో రెండు క్యూలు: లాగిన్, యూజర్ మార్పులు, ఆడిట్ కాన్ఫిగ్ మార్పులు ఒకదాంట్లో, మిగతా సిస్కాల్ గోలంతా రెండోదాంట్లో.

మాధవి_సిస్కాల్

రెండు క్యూల దగ్గర నేను ఆగుతాను. ఒకే ఈవెంట్ రికార్డులు వరుసగా, ఒకేచోట ఉంటాయన్న నమ్మకం మీద చాలా పార్సర్లు నడుస్తున్నాయి. ఒక సిస్కాల్ మధ్యలో వచ్చే ఏవీసీ రికార్డు, అంటే ఎస్‌ఈలినక్స్ భద్రతా పాలసీ తిరస్కరణ, ఏ క్యూలోకి? ముఖ్యమైనదే కాబట్టి మొదటిదాంట్లోకి అంటారు. దాని సిస్కాల్ రికార్డు రెండోదాంట్లో ఉంటుంది. ఆడిట్‌డికి అవి వేర్వేరు సమయాల్లో చేరతాయి, ఈలోగా ఈవెంట్ పూర్తయిందనుకుని పార్సర్ మూసేస్తుంది. స్వరూప గారి టీమ్‌కి ఏవీసీ ఉంటుంది, ఎవరు చేశారో ఉండదు.

చేయాలనుకుంటే ఈవెంట్ స్థాయిలో చేయండి. సిస్కాల్ ఎగ్జిట్‌లో మొదటి రికార్డుకి ముందే, ఈ ఈవెంట్‌కి ఎన్ని రికార్డులు కావాలో లెక్కేసి అంత చోటు రిజర్వ్ చేయాలి. దొరికితే అన్నీ వెళ్తాయి, దొరక్కపోతే ఏదీ వెళ్లదు. పాత్‌ల సంఖ్య అప్పటికే కాంటెక్స్ట్‌లో ఉంటుంది కాబట్టి లెక్క కష్టం కాదు. దాని మీద యూజర్ వారీ కోటా పెట్టుకోవచ్చు.

రింగ్‌జీరో

> ఏవీసీ ఏ క్యూలోకి?

ఇది గట్టి అభ్యంతరమే. అయినా ఆడిట్‌డిని చంపారన్న రికార్డు, ఎవరో వెయ్యి ఫైళ్లు తెరిచారన్న రికార్డుల వెనక నిలబడి ఎదురుచూడటం నాకు మింగుడు పడదు. సిస్కాల్‌తో సంబంధం లేకుండా పుట్టే రికార్డులకి మాత్రమే విడిగా ఒక క్యూ అంటే మీకు సమ్మతమేనా?

మాధవి_సిస్కాల్

అవి తక్కువే ఉంటాయి. వాటికి క్యూ పరిమితిలో కొంచెం చోటు కేటాయిస్తే చాలదా, క్యూ ఎందుకు? 7,000 దగ్గర సిస్కాల్ రికార్డులు ఆగాలి, 8,192 దాకా మిగతావి పోవచ్చు. నాలుగు లైన్ల ప్యాచ్.

రింగ్‌జీరో

సరే, అది నా దానికంటే నయం.

సున్నా_రోజు

కిట్టూ, నీ రెండో సందేహానికి.

హ్యాష్ గొలుసు ఒక్కటే ఉంటే దాన్ని కాపాడేది ఏమీ లేదు. రూట్ సంపాదించినవాడు మధ్యలో రికార్డు తీసేసి అక్కడి నుంచి చివరిదాకా హ్యాష్‌లన్నీ మళ్లీ లెక్కేసి రాస్తాడు. లెక్కకి కావలసినవన్నీ ఆ మెషీన్‌లోనే ఉన్నాయి కదా. రహస్య కీ కలిపినా, ఆ కీ కూడా మెషీన్‌లో ఉంటే అదే కథ.

పనికొచ్చే పద్ధతి కీ మారుతూ పోవడం. ఒక కీతో సంతకం చేశాక దాని నుంచి ఒకవైపే వెళ్లే ఫంక్షన్‌తో తర్వాతి కీ తయారుచేసి, పాతదాన్ని మెమరీలోంచి చెరిపేస్తారు. దాడి చేసినవాడికి ఇప్పటి కీ దొరుకుతుంది, నిన్నటిది దొరకదు. మొదటి కీ వేరేచోట దాచుకుంటే తర్వాత అన్నిటినీ సరిచూసుకోవచ్చు. 1990ల చివర్నుంచి ఉన్న ఆలోచన. సిస్టమ్‌డీ జర్నల్‌లో సీలింగ్ ఇదే, 2012లో వచ్చింది. దాని డీఫాల్ట్ వ్యవధి పదిహేను నిమిషాలు. అంటే సీల్ పడేలోపు రూట్ వచ్చినవాడు ఆ ముక్కని దిద్దుకోవచ్చు.

అందుకే ఎక్కడ సంతకం చేస్తున్నావన్నది ముఖ్యం. యూజర్‌స్పేస్ డీమన్‌లో చేస్తే, రికార్డు కెర్నల్‌లో పుట్టి డీమన్‌కి చేరేదాకా ఉన్న సందులో ఏ రక్షణా లేదు. 2020లో వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా ఈ సందు మీదే. దోపిడీ కోడ్ వేగంగా ఉంటే, తన ఎస్కలేషన్‌ని (అధికారం పెంచుకోవడాన్ని) పట్టించే రికార్డు ఇంకా క్యూలో ఉండగానే కెర్నల్ మీద పట్టు దొరుకుతుంది, ఆ రికార్డుని అక్కడే తీసేయొచ్చు. దానికి వాళ్లు చూపిన మందు, రికార్డు పుట్టిన చోటే, కెర్నల్‌లోనే, ముందుగా లెక్కేసి పెట్టుకున్న కీలతో సంతకం చేసి కీని వెంటనే చెరిపేయడం. కీలు ముందే సిద్ధంగా ఉంటే రికార్డుకి పడే ఖర్చు తగ్గుతుంది.

టీపీఎమ్ అనే భద్రతా చిప్‌తో ప్రతి రికార్డూ సీల్ చేద్దామని మాత్రం అనుకోకు. ఆ చిప్ అంత వేగం కాదు. అప్పుడప్పుడూ ఒక చెక్‌పాయింట్‌కి వాడుకో.

ఇవేవీ చేయలేకపోయినా లాగ్‌ని ఎంత త్వరగా బయటి మెషీన్‌కి పంపిస్తే అంత మేలు. అక్కడికి చేరినదాన్ని ఇక్కడి రూట్ ఏమీ చేయలేడు.

కిట్టు_కెర్నల్

అప్‌డేట్. ఫ్లష్ మార్చాను, బూట్ లైన్ సరిచేశాను, రూల్స్ మాధవి గారు, స్వరూప గారు చెప్పినట్టు తిరగరాశాను. వెయిట్ టైమ్ చిన్నది పెట్టాను. అదే లోడ్ టెస్ట్‌లో లాస్ట్ కదల్లేదు. కావాలని ఫైల్ ఓపెన్ల లూప్ నాలుగు కోర్ల మీద నడిపితే మాత్రం ఇంకా కదులుతోంది. పానిక్ ఆలోచన మానిపించాను, రింగ్‌జీరో గారి ప్రశ్న అడిగాక మేనేజర్ ఏమీ అనలేదు.

సంతకాల పని పెద్దది, తర్వాతి రిలీజ్‌కి. ఇప్పుడు "ఇన్ని పోయాయి" అనే రికార్డు రాద్దామని కూర్చున్నాను. క్యూ నిండి ఉన్నప్పుడే కదా అది రాయాలి, మరి దానికి చోటెక్కడ?

రింగ్‌జీరో

నిండినప్పుడు రాయొద్దు. మొదటి నష్టం జరిగిన సమయం, లెక్క రెండు వేరియబుల్స్‌లో పెట్టుకోండి. క్యూ సగానికి దిగాక కే-ఆడిట్‌డి థ్రెడ్ చేత రాయించండి. బఫర్‌ని బూట్‌లోనే ఒకటి కేటాయించి పక్కన పెట్టండి, మెమరీ కొరత వచ్చిన వేళ కేటాయింపు కూడా విఫలం కావచ్చు.

పాతకాపు

ప్యాచ్ సిద్ధమయ్యేదాకా ఒక అడ్డదారి ఉంది. ఆడిట్‌సీటీఎల్‌లో రీసెట్-లాస్ట్ అని ఆప్షన్ ఉంటుంది. కౌంటర్‌ని సున్నా చేస్తుంది, చేస్తూ కాన్ఫిగ్ చేంజ్ రికార్డు ఒకటి లాగ్‌లోనే వేస్తుంది, పాత విలువతో సహా. నిమిషానికోసారి టైమర్‌లో నడుపు. ఏ నిమిషంలో ఎన్ని పోయాయో లాగ్‌లోనే ఉంటుంది. ఎవడైనా గుట్టుగా రీసెట్ చేయాలని చూసినా అదే రికార్డు పడుతుంది, నీ టైమర్ వేళకి కాకుండా.

రకాల వారీ లెక్క రాదు, దానికి ప్యాచ్ కావాల్సిందే.

స్వరూప_లాగ్స్

ఆ టైమర్ రికార్డులకి అలర్ట్ రూల్ ఇప్పుడే రాసుకున్నా. పాత విలువ సున్నా కాకపోతే మోగుతుంది. నిమిషం దాటి రెండు నిమిషాలైనా ఆ రికార్డు అసలు రాకపోతే ఇంకా గట్టిగా మోగుతుంది.